భిలాయి-3 నుంచి పార్వతీపురం ఎంత దూరం?

ఈ కాలం పిల్లల్ని ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పరు, గంటలు చెబుతారు. పోనీ ఆ గంటలైనా పూర్తిగా చెబుతారా అంటే అదీ లేదు. ఫోను మీద రెండుసార్లు వేలు ఆడించి, "రాయపూర్ నుంచి హైదరాబాదు గంటన్నర తాతయ్యా, అక్కణ్ణుంచి విశాఖపట్నం గంటంపావు" అని తేల్చేస్తారు. మొత్తం మూడు గంటలైనా కాలేదు కాబట్టి, పొద్దున కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం పీటల వేళకి పార్వతీపురంలో ఉంటామని వాళ్ల నమ్మకం. ఆ లెక్కలో మా భిలాయి-3 లేదు, పార్వతీపురమూ లేదు. విమానం గాల్లో ఉన్న కాసేపే ఉంది. నా గొడవంతా దాని గురించే.

నేను బీఎమ్‌వైలో, అంటే భిలాయి మార్షలింగ్ యార్డులో చేసి రిటైరైనవాణ్ణి. రాజ్‌హరా నుంచి వచ్చే ఇనపరాయి, భిలాయి ఉక్కు ప్లాంటుకి వచ్చే బొగ్గు, ప్లాంటు నుంచి వెళ్లే ఉక్కు, అన్నీ మా కళ్లముందు నుంచే. రైలువాడికి దూరమంటే పట్టా పక్కన పాతిన కిలోమీటరు రాయి. అది పండక్కి తగ్గదు, వానకి పెరగదు. రైలు ఆలస్యమైతే ఆలస్యమైందనేవాళ్లం గానీ ఊరు దూరమైందని ఏ రోజూ అనలేదు.

మా తెలుగువాళ్లం ఇక్కడికి ఎలా చేరామో ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలీదు. ప్లాంటు కట్టడానికి రష్యావాళ్లతో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. పని దొరుకుతుందని శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వైపు నుంచి జనం బయల్దేరారు. కొందరు ప్లాంటులో, కొందరు రైల్వేలో, మిగిలినవాళ్లు కాంట్రాక్టు పనుల్లో కుదిరారు. సెక్టార్-5 బాలాజీ గుడికి శనివారం వెళ్లి చూడండి, మన మాటే వినిపిస్తుంది. అంత దూరం నుంచి ఇంతమంది ఇక్కడికే ఎందుకు వచ్చారంటే నేను చెప్పే జవాబు రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్లు 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా పట్టాలు కలిపారు. విశాఖలో కట్టే రేవుకి మధ్య పరగణాల సరుకు చేరాలని వాళ్ల ఆలోచన. రెండేళ్లకు, 1933లో, రేవు తెరుచుకుంది. సరుకు కోసం వేసిన దారిలో పాతికేళ్ల తరవాత మనుషులు ఎదురు దిక్కుకి ప్రయాణం కట్టారు.

ఆ రోజుల్లో ఊరు వెళ్లడమంటే నెల ముందు నుంచీ సన్నాహం. పాసు రాయించుకోవాలి, సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకోవాలి, వస్తున్నామని ఊరికి కార్డు ముక్క రాయాలి. హోల్డాలు బిగించి, ఇనప్పెట్టె నెత్తిన పెట్టించి, మరచెంబుతో నీళ్లు పట్టుకుని రాయపూర్ చేరి విశాఖ ప్యాసింజరు ఎక్కేవాళ్లం. పులిహోర పొట్లం రాత్రికి, పెరుగన్నం పిల్లలకి. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లాడి కంట్లో ఎప్పుడో ఒకప్పుడు బొగ్గునలుసు పడేది, పైటచెంగుని ఆవిరితో వెచ్చచేసి వాళ్లమ్మ అద్దేది.

మందిర్ హసౌద్, ఆరంగ్ దాటితే మహానది. వంతెన మీద చప్పుడు మారగానే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి పైసలు వేసి దణ్ణం పెట్టుకునేవారు. మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబాంజి, టిట్లాగఢ్. టిట్లాగఢ్ ఎండ సంగతి ఒడిశా అంతా చెప్పుకుంటుంది, రాత్రి పొద్దుపోయాక కూడా ప్లాట్‌ఫారం రాయి వేడిగానే ఉండేది. ఆ తరవాత కేసింగ దగ్గర తేల్ నది. అక్కణ్ణుంచి అంతా కొండలూ అడవే. ఒంటి లైను కావడంతో ఎదురుగా గూడ్సు వస్తోందంటే మేం పక్క లైన్లో ఆగాల్సిందే. స్టేషన్ మాస్టరు చేతికి టోకెన్ వచ్చేదాకా ఇంజను కదలదు. అంబోదలలోనో మునిగూడలోనో అలా ఆగినప్పుడు బోగీ అంతా కిందికి దిగేది. ఎవరిది ఏ ఊరు, ఎవరి పిల్లకి సంబంధం చూస్తున్నారు, ఎవరి క్వార్టరు ఏ కాలనీలో మారింది, అన్నీ ఆ రాళ్లగుట్ట మీద కూర్చునే తెలిసేవి. పెళ్లిళ్లు కుదిరిన మాట నాకు తెలుసు.

ఇక రాయగడ. దాని గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. తెల్లవారుతుండగా బండి ఆగేది. ఒడిశాలోనే ఉన్నా, కిటికీ బయట మన మాట మొదలయ్యేది అక్కడే. "ఇడ్లీ, ఇడ్లీ" అని కేక. అడ్డాకు దొన్నెలో నాలుగు ఇడ్లీలు, పైన పల్చటి చట్నీ, పట్టుకుంటే ఆకు అడుగున వేడి అరచేతికి తగిలేది. పదకొండు నెలలు దుర్గ్, రాయపూర్ పోహా తిన్న నోటికి ఆ చట్నీ కారం తగలగానే మా ఆవిడ ముఖం విప్పారేది. నీళ్ల కుళాయి దగ్గర పళ్లు తోముకునేవాళ్లంతా ఒకరికొకరు వరసలు కలిపేసేవారు, "ఏ ఊరు బావా?" "బొబ్బిలి, మరి తమరిది?" అని. అక్కడే మజ్జిగౌరమ్మ గుడి, కింద నాగావళి. ఎవరో ఒకరు మొక్కున్నవాళ్లు అక్కడే దిగిపోయేవారు. లడ్డా, జిమిడిపేట దాటి కూనేరు వచ్చిందంటే ఆంధ్రలోకి వచ్చేసినట్టే. పెట్టెలు దించడం అక్కడే మొదలు. పార్వతీపురం స్టేషన్లో మా నాన్న గొడుగు పట్టుకుని నిలబడి ఉండేవాడు. బండి ఎన్ని గంటలు ఆలస్యమైనా అలాగే నిలబడేవాడు.

ఒక్క మాట మధ్యలో. నేను పుట్టినప్పుడు మా ఊరు శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా అయింది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఉద్యోగంలో చేరింది మధ్యప్రదేశ్‌లో, 2000 నవంబరు 1 నుంచి అదే క్వార్టరు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. అప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఆగ్నేయ రైల్వే. 2003లో దాన్ని పంచి మా వైపు బిలాస్‌పూర్ జోనుకి, ఆ వైపు భువనేశ్వర్ జోనుకి ఇచ్చారు. ఇన్ని మారినా రాయపూర్ నుంచి విశాఖకి రైలు దారి అప్పుడూ ఇప్పుడూ సుమారు 530 కిలోమీటర్లే.

ఇప్పుడు విమానం లెక్క చూద్దాం. పిల్లలు చూపించే గంటల పట్టిక కాదు, మనిషి గుమ్మం దిగినప్పటి నుంచి గుమ్మం ఎక్కేదాకా. రాయపూర్ నుంచి విశాఖకి గాలిలో గీత గీస్తే 410 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం ఉంటే గంటా గంటంపావులో దిగొచ్చు. లేదంటే హైదరాబాదు మీదుగా పోవాలి. భిలాయి-3 నుంచి మానాలో ఉన్న విమానాశ్రయం 40 కిలోమీటర్లు, అదీ జీఈ రోడ్డు మీద లారీలన్నీ దారి ఇస్తే. రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. హైదరాబాదుకి 550 కిలోమీటర్లు ఎగరాలి. అక్కడ రెండో విమానం కోసం కూర్చోవాలి. మళ్లీ విశాఖకి 510. దిగాక సామాను బెల్టు మీద వచ్చేదాకా నిలబడాలి. ఆపైన విశాఖ నుంచి పార్వతీపురం, రోడ్డు మీద 140 కిలోమీటర్ల పైమాటే. ఉన్నదేమో ఇక్కణ్ణుంచి పట్టాల మీద 400 పైచిలుకు కిలోమీటర్ల ఊరు. దానికి 1,200 కిలోమీటర్లు తిరిగి, ఊరిని దాటి దక్షిణానికి పోయి, మళ్లీ ఉత్తరానికి వెనక్కి రావాలి. ఉదయం ఇల్లు వదిలినవాడు రాత్రి దీపాల వేళకి చేరితే గొప్ప. దాన్ని పట్టుకుని "రెండు మూడు గంటలు" అంటారేమిటి?

పోయిన ఏడు మా చిన్నకోడలు ఇలాగే బయల్దేరింది. మొదటి విమానం పొగమంచుకి ఆలస్యమైంది, రెండోది వెళ్లిపోయింది. చంటిపిల్లతో రాత్రంతా కుర్చీలో కూర్చుని మర్నాడు చేరింది. దానికి నేను ఎవరినీ తప్పుపట్టను, మంచు ఎవరి చేతిలోనూ లేదు. నాకు బాధ కలిగించింది ఏమిటంటే, ఆ అమ్మాయి రాత్రంతా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదట. మా బోగీలో చంటిపిల్ల ఏడిస్తే నలుగురు ఆడవాళ్లు చేతులు చాచేవారు. పాలు కాచడానికి ఎవరో ఒకరి దగ్గర కిరసనాయిలు స్టవ్వు కూడా ఉండేది. అది రూల్సుకి విరుద్ధం, గార్డుకీ తెలుసు, పాల కోసమని ఊరుకునేవాడు.

విమానం వద్దనే మూర్ఖుణ్ణి కాను. మా నాన్న పోయినప్పుడు టెలిగ్రాం సాయంత్రం వచ్చింది. ఆ రోజు బండి అప్పటికే వెళ్లిపోయింది. మర్నాటి బండెక్కి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది, అస్థికలు చేతికిచ్చారు. నందినిలో ప్లాంటు రన్‌వే ఒకటి ఉండేది, పెద్దవాళ్లు దిగేవాళ్లు. మాలాంటివాళ్లకి విమానమంటే నెత్తిమీద వినిపించే చప్పుడే. ఈ రోజు అలాంటి కబురొస్తే కొడుకు నాలుగు గంటలకో ఆరు గంటలకో విశాఖలో దిగి కారెక్కి వెళ్లగలడు. తండ్రి ముఖం చూడగలడు. దానికి విమానానికి రెండు చేతులా దణ్ణం పెడతాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గంటల లెక్కే సరైన లెక్క.

కానీ ప్రతి ప్రయాణాన్నీ ఆ లెక్కలో చూస్తేనే చిక్కు. రాత్రంతా కూర్చుని వెళ్లినవాళ్లం కాబట్టి మేం ఊళ్లో నెల ఉండేవాళ్లం. అంత దూరం వచ్చి రెండు రోజుల్లో ఎవరు తిరిగెళ్తారు? పిల్లలు చెరువులో ఈత నేర్చుకున్నారు, మేనమామల పేర్లు, పొలం గట్ల పేర్లు నేర్చుకున్నారు. తాటితాండ్ర, చింతపండు, కొత్త బెల్లం పెట్టెల్లో సర్దుకుని తిరిగొచ్చేవాళ్లం. ఇప్పటి పిల్లలు శుక్రవారం రాత్రి వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్తారు. అదీ ఏడాదికొకసారి. "ఎంతసేపు తాతయ్యా, గంటన్నరే కదా, వచ్చే నెల వస్తాం" అంటారు. వచ్చే నెల రాదు. ఎప్పుడైనా రాగలమనుకున్నవాళ్లే రావడం మానేశారు. రాకపోకలు తేలికైన కొద్దీ రావడం తగ్గిందని మా కాలనీలో ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు.

అమెరికా వెళ్లినవాళ్లదీ ఇదే వరస. భిలాయి పిల్లలు చదువులో గట్టివాళ్లు, ప్రతి వీధిలో ఒకరిద్దరు అక్కడున్నారు. వాళ్లని చూసి నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ గంటలకు నిలకడ లేదు. ఢిల్లీ నుంచి న్యూయార్క్ సుమారు 11,750 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఎక్కువ సేపు, వచ్చేటప్పుడు తక్కువ సేపు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి పెద్ద గాలి వీస్తుంది. వెళ్లే విమానం దానికి ఎదురీదాలి, వచ్చేదాన్ని అదే తోస్తుంది. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసేసింది. దాంతో పడమటికి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని యూరప్‌లో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ ఎక్కడికీ జరగలేదు, గంటలు పెరిగాయి. గాలినిబట్టీ, రాజకీయాన్నిబట్టీ మారేదాన్ని దూరమని ఎలా నమ్ముతాం?

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. రాయపూర్ నుంచి విశాఖకి కొత్తగా ఆరు వరసల రహదారి వేస్తున్నారు. పాత దారి 597 కిలోమీటర్లయితే కొత్తది 464 అంటున్నారు. కాంకేర్, కొండగావ్, నవరంగపూర్, కొరాపుట్ వైపు నుంచి దిగి సబ్బవరం దగ్గర కలుస్తుంది. కొండ తొలిచి సొరంగం వేశారు. ఇది నేను ఒప్పుకునే పని. నిజంగా కిలోమీటర్లే తగ్గుతాయి. కారున్నవాడికి మేలు. బస్సు ఎన్ని వేస్తారో, దారిలో ఊళ్లవాళ్లు ఎక్కే వీలుందో లేదో చూడాలి.

మా పిల్లలకి నేను చూపించేది వేరే ఉంది. 2024 సెప్టెంబరు 16న దుర్గ్ నుంచి విశాఖకి వందేభారత్ మొదలైంది. తెల్లవారుజామున ఆరు కొట్టకముందే దుర్గ్‌లో కదులుతుంది, మధ్యాహ్నం రెండు లోపల విశాఖ. 565 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. పార్వతీపురంలో ఆగుతుంది, భోజనాల వేళకి ముందే దింపేస్తుంది. మేం రాత్రంతా కూర్చుని వెళ్లిన దారే అది. అదే మహానది, అదే తేల్, అదే రాయగడ. ఒంటి లైను పోయి రెండో లైను వచ్చింది, కరెంటు తీగ వచ్చింది, బొగ్గునలుసు లేదు. దేశంలో రైలు నడిచే పట్టాలు ఎక్కువగా మన భిలాయిలో తయారైనవే. ఇప్పుడు 260 మీటర్ల పొడుగు పట్టా కూడా ఇక్కణ్ణుంచే వెళ్తోంది. ఆ మాట ఆ బండిలో కూర్చున్న ఎంతమంది పిల్లలకి వాళ్ల పెద్దవాళ్లు చెప్పారు?

దీంట్లోనూ నాకు కొరత ఉంది. ఆ బండి మా భిలాయి-3 స్టేషన్లో ఆగదు. ఇంటి ముందు నుంచే పోతుంది, మేం ఆటో మాట్లాడుకుని చీకట్లో దుర్గ్ పోవాలి, లేదా రాయపూర్ పోవాలి. తలుపులు మూసేసిన ఏసీ పెట్టె కాబట్టి అడ్డాకు ఇడ్లీ లోపలికి రాదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని టికెట్టు కూలికెళ్లేవాడికి అందేది కాదు. చరోదాలో, కుమ్హారిలో ఇళ్ల పనికీ, ఇటుక పనికీ వచ్చిన మన ఉత్తరాంధ్రవాళ్లు ఇప్పటికీ ప్యాసింజరు మీదే ఊరెళ్తారు. 2020 మార్చిలో కరోనాకి బళ్లన్నీ ఆగిపోయాక, తిరిగి మొదలుపెట్టినప్పుడు ప్యాసింజర్లను స్పెషళ్ల పేరుతో నడిపి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తీసుకున్నారు. దేశమంతా అంతే. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. అది తగ్గడానికి 2024 దాకా పట్టింది. విమానాల గంటలు వార్తల్లో వచ్చినంతగా ఈ సంగతి రాలేదు. వేగం ఎంత పెంచినా సంతోషమే, పెంచండి. నెమ్మదిగా పోయే బండిని మాత్రం తీసేయకండి, పక్క లైన్లో గంటలకొద్దీ నిలబెట్టకండి. పేదవాడి దూరం దానిమీదే ఆధారపడి ఉంది.

చదివే పిల్లలకి నేను చెప్పేది రెండు మాటలు. ఎవరైనా దూరమెంత అని అడిగితే గుమ్మం నుంచి గుమ్మానికి చెప్పండి. అలా లెక్క వేసుకుంటే భిలాయి-3 నుంచి పార్వతీపురానికి విమానం కన్నా రైలే దగ్గర. ఇది నా అభిమానం కాదు, పైన వేసిన కూడిక. రెండోది, ఈ సంక్రాంతికి మీ పిల్లల్ని పగటి బండిలో ఒక్కసారి తీసుకురండి. కిటికీ పక్కన కూర్చోబెట్టి స్టేషన్ల పేర్లు చదివించండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు, వెనకటిలా 120 రోజులు కాదు. భోగికి ఇంటికి చేరాలంటే నవంబరు రెండో వారంలోనే టికెట్లు తీసుకోవాలి. ఆ తరవాత దొరకవు.